ఎత్తు మడమల కథ



ఈ మధ్య మా అక్క కూతురికి పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకు ఆరడుగులవాడు. మా పిల్ల అయిదడుగుల మీద ఒక్క అంగుళం. తాంబూలాలు పుచ్చుకున్ననాడు మగపెళ్ళివారి వైపు ఒకావిడ, "పక్కన నిలబడితే పిల్ల భుజానిక్కూడా అందదేమో" అంది. నవ్వుతూనే అంది లెండి. నవ్వుతూ అన్నా మాట మాటే కదండీ! మర్నాడే మా పిల్ల బజారుకెళ్ళి నాలుగంగుళాల హైహీల్స్ కొనుక్కొచ్చింది. హాల్లో నాలుగడుగులు వేసి, గోడ పట్టుకుని, "పిన్నీ, రిసెప్షనులో వీటితో మూడుగంటలు నిలబడగలనంటావా?" అంది.

దానికి జవాబు నా దగ్గర ఉంది. మావారూ పొడగరే. మా పెళ్ళి పగటి ముహూర్తం, సాయంత్రం రిసెప్షను, రాత్రికి గృహప్రవేశం. ఫొటోల్లో ఆయన పక్కన మరీ చిన్నపిల్లలా కనిపిస్తానేమోనని ఎత్తు మడమల చెప్పులు కొనిపించుకున్నాను. మొదటి గంట దర్జాగానే గడిచింది. రెండో గంటకి కాలివేళ్ళు మంట. మూడో గంటలో వేదిక మెట్లు దిగుతుంటే కుచ్చెళ్ళు మడమకి చిక్కుకుని కాలు మెలిపడింది. కొత్త పెళ్ళికూతురు "అబ్బా" అనకూడదు కదా, పళ్ళు బిగబట్టి నవ్వాను. రాత్రి అత్తవారి గడప దగ్గర "కుడికాలు ముందు పెట్టి రామ్మా" అన్నారు. మెలిపడింది ఆ కుడికాలే! ఇప్పటికీ వానాకాలం వస్తే ఆ చీలమండ నాకు నా పెళ్ళిని గుర్తుచేస్తూనే ఉంటుంది.

అసలు ఈ మడమలను ఎవరు ఎత్తారు, ఎందుకెత్తారు అని నాకు అప్పటినుంచీ కుతూహలం. దొరికిన పుస్తకమల్లా చదివాను. చదివితే తేలిందేమిటో తెలుసాండీ? ఎత్తు మడమ ఆడవాళ్ళ కోసం పుట్టలేదు. నడవడానికి అసలే పుట్టలేదు. గుర్రం ఎక్కడానికి పుట్టింది!

పారశీక దేశంలో, అంటే నేటి ఇరానులో, ఆశ్వికులు మడమ ఉన్న జోళ్ళు తొడుక్కునేవారు. గుర్రం పరుగెత్తుతుండగా రికాబుల మీద లేచి నిలబడి బాణం వెయ్యాలి. అప్పుడు కాలు జారిపోకుండా మడమ రికాబుకి కొక్కెంలా పట్టుకునేది. 1599లో పారశీక చక్రవర్తి షా అబ్బాస్, తురుష్కుల మీద పోరాటానికి స్నేహితులు కావాలని ఐరోపా రాజుల దగ్గరికి రాయబారులను పంపించాడు. ఆ రాకపోకల కాలంలోనే పారశీక వేషభాషల మీద ఐరోపా దొరలకి మోజు పుట్టింది. మడమల జోళ్ళు ఆ మోజులోనే వాళ్ళ కాళ్ళకెక్కాయి. గుర్రమెక్కే వీరుడి చిహ్నం కదా, మగవాళ్ళు ముచ్చటపడ్డారు. 17వ శతాబ్దంలో మగవారి టోపీలతోపాటు మడమల జోళ్ళనూ ఆడవాళ్ళు అందిపుచ్చుకున్నారు.

ఫ్రాన్సు రాజు 14వ లూయీ పేరు విన్నారుగా. ఆయన మడమలకి ఎర్రరంగు వేయించుకునేవాడు. ఆయన దర్బారులో స్థానం ఉన్న పెద్దలకే ఆ ఎర్రమడమల భాగ్యం. 1701లో రిగో అనే చిత్రకారుడు వేసిన ఆయన నిలువెత్తు పటం పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో ఉంది. తెల్లని మేజోళ్ళు, ఎర్రని మడమలు, ఒక కాలు ముందుకి చాపి, నా జోళ్ళు చూడండన్నట్టు నిలబడి ఉంటాడు రాజుగారు. ఆ మడమలతో పొలంలోకి దిగగలరా, బురదలో నడవగలరా? నడవక్కరలేని గొప్పవాణ్ణి అని చెప్పడానికే ఆ జోళ్ళు.

ఇటలీలో వెనిస్ నగరపు ఆడవాళ్ళ సంగతి ఇంకా విడ్డూరం. మడమల కంటే ముందునుంచే, 15వ శతాబ్దం నాటికే, వాళ్ళు చోపీన్లనే చెప్పులు వేసుకునేవారు. మడమ ఒక్కటే కాదు, అడుగు మొత్తం పీటలా ఎత్తు. ఆ నగరపు మ్యూజియంలో దాచినవాటిలో ఇంచుమించు 20 అంగుళాల ఎత్తువి కూడా ఉన్నాయి. అంటే మూరెడు పైన! వాటిమీద నడవాలంటే పక్కన దాసీల భుజం ఆసరా ఉండాలి. ఎంత ఎత్తు చెప్పులైతే అంత పొడుగు గౌను, అంత ఖరీదైన పట్టు, అంత కలిగిన ఇల్లు.

ఇక్కడ ఒక్క మాట గమనించండి. గుర్రం మీద కూర్చున్నవాడు, సింహాసనం మీద కూర్చున్నవాడు, దాసీ భుజం మీద చెయ్యి వేసినావిడ, వీళ్ళలో ఎవరికీ నడక పని లేదు. మనకో? ఉదయం పాలపాకెట్టు దగ్గర మొదలై రాత్రి తలుపు గడియ వేసేదాకా నడకే. వాళ్ళ జోడు మన కాలికి తొడుక్కుని నొప్పంటే నొప్పి కాదూ మరి?

18వ శతాబ్దం నడుస్తుండగానే మగవాళ్ళు మడమలు దింపేశారు. అవి పనికిరాని సోకు, ఆడవాళ్ళకి తగినవి అన్నారు. తాము తెచ్చినదాన్నే మనకంటగట్టారన్నమాట! 1789 ఫ్రెంచి విప్లవం తర్వాత దొరతనపు గుర్తులు పోవడంతో ఆడవారి జోళ్ళు కూడా చదునయ్యాయి. మళ్ళీ 19వ శతాబ్దం మధ్యలో మడమలు లేచాయి. ఈసారి ఆడవాళ్ళకే.

20వ శతాబ్దంలో సాల్వతోరే ఫెర్రగామో అని ఇటలీ చెప్పుల నిపుణుడొకాయన వచ్చాడు. కుర్రతనంలో అమెరికా వెళ్ళి, సినిమా తారలకి జోళ్ళు కుట్టేవాడు. అందంగా ఉన్నా జోళ్ళు ఎందుకు నొప్పిపెడుతున్నాయో తెలుసుకోవాలని లాస్ ఏంజిల్స్‌లోని ఒక విశ్వవిద్యాలయంలో శరీరశాస్త్రం పాఠాలకి వెళ్ళాడు. చెప్పులు కుట్టే ఆయన ఎముకల పాఠం చదవడం ఎంత గొప్పండీ! మనిషి బరువుకి అరికాలి వంపు దగ్గర ఆసరా ఇవ్వాలని గ్రహించి అక్కడ ఉక్కుబద్ద పెట్టాడు. తర్వాత స్వదేశం వెళ్ళాడు. 1935లో ఇటలీ ఇథియోపియా మీద దండెత్తితే నానాజాతి సమితి ఆంక్షలు పెట్టింది. మంచి ఉక్కు దొరకలేదు. అప్పుడాయన మడమకీ, ముందు అడుగుకీ మధ్య ఉన్న ఖాళీని బెండుతో నింపేశాడు. మనం షాపులో "వెడ్జ్ చూపించండి" అని అడుగుతామే, అవి అలా వచ్చాయి. ఎత్తూ ఉంది, అడుగు పొడుగునా ఆసరా ఉంది.

1950లలో దీనికి సరిగ్గా వ్యతిరేకం వచ్చింది. స్టిలెట్టో అంటే ఇటలీలో సన్నని బాకు. లోపల లోహపు ఊచ పెట్టి శనగగింజంత మొన మీద మనిషిని నిలబెట్టారు. ఆ మొనలు చెక్కనేలలకి గుంటలు పెడుతున్నాయని కొన్నిచోట్ల వాటిని లోపలికి రానివ్వలేదు. నేలకే గుంట పడితే కాలి సంగతేమిటి?

2010లో ఇంగ్లండులో పరిశోధకులు రెండేళ్ళకి పైగా హైహీల్స్ అలవాటున్న ఆడవాళ్ళ కాళ్ళు పరీక్షించారు. పిక్క కండరపు పోగులు కురచబడ్డాయి, మడమ వెనక స్నాయువు బిరుసెక్కింది. అందుకే అలవాటైనవాళ్ళకి చదును చెప్పులేసుకుంటే లాగుతుంది. ఎత్తు చెప్పులే ఆడవాళ్ళ యూనిఫారమని కొన్ని ఆఫీసులు పట్టుబట్టడం కూడా ఉంది. 2017లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రం, అదే ఏడు ఫిలిప్పీన్స్ దేశం అలా బలవంతపెట్టకూడదని ఉత్తర్వులిచ్చాయి.

మరి మన పెళ్ళిళ్ళలో? కాశీయాత్రకి బయలుదేరే పెళ్ళికొడుకు కాళ్ళకి పావుకోళ్ళుంటాయి. పెళ్ళికూతురికి పారాణీ, మట్టెలూ. సన్నికల్లు తొక్కినా, ఏడడుగులు నడిచినా ఉత్తకాళ్ళతోనే. అంటే అసలు పెళ్ళిలో మన ఎత్తుకి దాపరికమే లేదు! చెప్పుల హంగంతా రిసెప్షనుకే. ఆ ముచ్చట వద్దని నేననను. కాస్త ఎత్తుగా నిలబడితే చీర కుచ్చెళ్ళు నిలువుగా జారి ముచ్చటగానే ఉంటుంది. ఎంచుకోవడంలోనే ఉంది తెలివి.

చెప్పులు సాయంత్రం పూట కొనండి, అప్పటికి కాళ్ళు కాస్త ఉబ్బి ఉంటాయి. రెండు కాళ్ళకీ వేసుకుని షాపులో తివాచీ మీద కాదు, గట్టి నేల మీద నడిచి చూడండి. మట్టె ఉన్న వేలు ముందుభాగంలో నొక్కుకోకూడదు. రోజువారీకి అంగుళం, అంగుళమున్నర చాలు. పెళ్ళికి రెండంగుళాల వెడల్పు మడమగానీ వెడ్జ్ గానీ, చీలమండకి పట్టీ ఉన్నవి. గడ్డి మీద విందైతే సన్నమడమ దిగబడుతుంది. ఫంక్షన్ హాలు నున్నటి బండల మీద జారకుండా అడుగున రబ్బరు వేయించండి. ముందు వారంరోజులు ఇంట్లో వేసుకుని తిరగండి. చీర కట్టేటప్పుడు ఆ చెప్పులు వేసుకునే కుచ్చెళ్ళు పెట్టుకోండి. నేను చెయ్యనిది అదే!

ఈ కథంతా మా పిల్లకి చెప్పాను. అంతా విని, "అయితే ఆవిడ అన్నమాటకి నాలుగంగుళాల జవాబు అక్కర్లేదంటావ్" అంది. షాపుకెళ్ళి మార్చుకొచ్చింది. రెండంగుళాల వెడ్జ్, పట్టీ ఉన్నది. ఫొటోలో భుజం దగ్గరికే వస్తుంది. రానివ్వండి. వచ్చే నెలలో గృహప్రవేశం నాడు అందరూ దాని మొహం చూస్తుంటే, నేను మాత్రం గడప దాటే ఆ కుడికాలు వంక చూస్తుంటాను.