ఇంటి శ్రవణంలో డాక్: చోటు మారుతూ వచ్చిన లోపం (1982–2020)

ఉపోద్ఘాతం

అంకెలుగా నమోదైన సంగీతం చెవికి చేరాలంటే ఆ అంకెలు మళ్ళీ విద్యుత్ తరంగంగా మారాలి. ఈ పని చేసే పరికరమే డిజిటల్–అనలాగ్ కన్వర్టర్. వాడుకలో దీన్ని డాక్ అంటారు. సెల్‌ఫోన్‌లోనూ, టెలివిజన్‌లోనూ ఇది కంటికి కనిపించని చిన్న చిప్‌గా ఉంటుంది. శ్రద్ధగా సంగీతం వినేవారి ఇళ్ళలో మాత్రం విడి పెట్టెగా, కొన్ని వేల రూపాయల నుండి అనేక లక్షల రూపాయల దాకా ధర పలికే వస్తువుగా స్థిరపడింది. ఇంత ధర భేదానికి తగిన శ్రవణ భేదం ఉందా అన్నది దీర్ఘకాలంగా సాగుతున్న వివాదం. ఒక పక్షం కొలతలను, మరొక పక్షం చెవి సాక్ష్యాన్ని ప్రమాణంగా నిలుపుతున్నాయి. కాంపాక్ట్ డిస్క్ ఆవిర్భావం నుండి 2020 దాకా డాక్ పరిణామాన్ని పరిశీలిస్తే ఈ వివాదం వెనుక ఒక క్రమం కనబడుతుంది. ప్రతి దశలోనూ ఇంజనీర్లు ఒక లోపాన్ని సరిదిద్దారు. ఆ తరువాత గమనించవలసిన లోపం మరొక చోట బయటపడింది. ఎంపికను గురించిన వాదనలు మాత్రం తరచుగా పాత లోపాల చుట్టూనే తిరిగాయి. ఈ క్రమాన్ని గుర్తించి, నేటి శ్రోతకు అది ఏ ప్రమాణాలను అందిస్తుందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

సిద్ధాంతం నుండి డిస్క్ దాకా

ధ్వని తరంగాన్ని క్రమమైన వ్యవధుల్లో కొలిచి, ఆ కొలతలను అంకెలుగా పంపవచ్చునన్న ఆలోచనను 1937లో పారిస్‌లో పనిచేస్తున్న బ్రిటిష్ ఇంజనీరు అలెక్ రీవ్స్ రూపొందించాడు. ఒక తరంగంలోని అత్యధిక పౌనఃపున్యానికి రెట్టింపు కంటే ఎక్కువ వేగంతో నమూనాలు తీసుకుంటే ఆ తరంగాన్ని పూర్తిగా పునర్నిర్మించవచ్చునని 1949లో క్లాడ్ షానన్ గణితపరంగా ప్రతిపాదించాడు. దీనికి పునాది 1928లో హ్యారీ నైక్విస్ట్ టెలిగ్రాఫ్ ప్రసారంపై చేసిన పరిశోధనలో ఉంది.

మనిషి చెవి సుమారు 20 కిలోహెర్ట్జ్ దాకా వినగలదు. కాంపాక్ట్ డిస్క్ సెకనుకు 44,100 నమూనాలను స్వీకరించింది. ఈ అంకె వీడియో రికార్డర్ల నుండి వచ్చింది. తొలి డిజిటల్ నమోదులు వీడియో టేపుపై జరిగేవి. సెకనుకు 60 క్షేత్రాలు, క్షేత్రానికి 245 ఉపయోగకరమైన గీతలు, గీతకు 3 నమూనాలు లెక్కిస్తే 44,100 వస్తుంది. నమూనా పొడవు విషయంలో ఫిలిప్స్ 14 బిట్లను కోరగా, సోనీ 16 బిట్లకు పట్టుబట్టింది. చివరకు 16 బిట్లు, అంటే 65,536 మెట్లు ఖరారయ్యాయి.

తొలి దశ: బిట్లు, వడపోత

1982 అక్టోబరు 1న జపాన్‌లో 1,68,000 యెన్ల ధరతో సోనీ సీడీపీ–101 విడుదలైంది. అందులో ఒకే 16 బిట్ల కన్వర్టర్ ఎడమ, కుడి ఛానెళ్ళకు వంతులవారీగా పనిచేసేది. నమూనాల నుండి తరంగాన్ని తిరిగి కట్టినప్పుడు 22.05 కిలోహెర్ట్జ్‌కు పైన అసలు సంగీతంలో లేని ప్రతిబింబాలు పుడతాయి. వాటిని తొలగించడానికి 20 కిలోహెర్ట్జ్ దాటగానే గోడలా నిలిచే అనలాగ్ ఫిల్టర్ అవసరమైంది. అంత నిటారైన ఫిల్టర్ వినబడే పరిధిలోని పై స్వరాల దశను మారుస్తుంది.

ఫిలిప్స్ వేరే మార్గం ఎంచుకుంది. ఆ సంస్థ చేతిలో అప్పటికే ఉన్న టీడీఏ1540 చిప్ 14 బిట్లదే. వాన్ డె ప్లాష్ 1976లో ప్రకటించిన పద్ధతి దానికి ఆధారం: చిప్‌లోని విద్యుత్ ప్రవాహాలను నిరంతరం వంతులు మార్చి వాటి మధ్య తేడాలను సరాసరి చేయడం. తక్కువైన రెండు బిట్లను ఓవర్‌శాంప్లింగ్‌తో భర్తీ చేశారు. నమూనాల నడుమ గణితంతో కొత్త నమూనాలను చేర్చి వేగాన్ని నాలుగు రెట్లు, అంటే 176.4 కిలోహెర్ట్జ్‌కు పెంచి, లెక్కింపు దోషాన్ని వినబడని పౌనఃపున్యాల వైపు నెట్టారు. ఇందువల్ల ప్రతిబింబాలు చాలా దూరం జరిగి, మృదువైన అనలాగ్ ఫిల్టరే సరిపోయింది. కాగితంపై తక్కువ బిట్లున్న యంత్రం ఎక్కువ బిట్లున్న దానితో సమానంగా నిలబడగలిగిన ఈ ఘట్టం గమనార్హం. నాణ్యతను బిట్ల సంఖ్యతో కొలవడం తొలి ఏడాదిలోనే చెల్లకుండా పోయింది.

1962లో టోక్యో విశ్వవిద్యాలయంలో ఇనోసె, యసుద, మురకామి ప్రతిపాదించిన డెల్టా–సిగ్మా పద్ధతి ఈ మార్గాన్ని మరింత ముందుకు తీసుకుపోయింది. 1980వ దశకం చివర ఫిలిప్స్ బిట్‌స్ట్రీమ్, జపాన్‌లో మాష్ పేర్లతో వచ్చిన చిప్‌లు అతి వేగంగా మారే కొద్ది మెట్లతోనే పనిచేశాయి. 16 బిట్ల నిరోధకాల నిచ్చెనలో పై మెట్టు 65,536లో ఒక వంతు కచ్చితత్వంతో ఉండాలన్న కష్టం దీనితో తీరింది. చవకైన యంత్రాలకు కూడా సరళత అందుబాటులోకి వచ్చింది.

రెండవ దశ: విడి పెట్టె, కాలదోషం

అదే దశకంలో డాక్ ప్లేయర్ నుండి విడిపోయింది. 1988లో వాడియా సంస్థ తన డాక్‌ను డీకోడింగ్ కంప్యూటర్‌గా పేర్కొంటూ విడుదల చేసింది. ఈ వేరుకాపురం కొత్త లోపాన్ని తెచ్చింది. రెండు పెట్టెలను కలిపే సోనీ–ఫిలిప్స్ తీగలో సమాచారమూ, కాలసూచన చేసే క్లాక్ సంకేతమూ కలిసే ప్రయాణిస్తాయి; డాక్ వాటిని వేరు చేసుకోవాలి. ఆ క్రమంలో ప్రతి నమూనా అతి స్వల్పంగా ముందో వెనుకో పడుతుంది. దీన్నే జిట్టర్ అంటారు. పూర్తి స్థాయిలో ఉన్న 20 కిలోహెర్ట్జ్ తరంగంలో దోషం సగం మెట్టు దాటకుండా ఉండాలంటే కాలభేదం దాదాపు 120 పికోసెకండ్లలోపు ఉండాలి. 1990వ దశకంలో జరిగిన చర్చల్లో ఎక్కువ భాగం ఈ పికోసెకండ్ల చుట్టూ సాగింది.

కంప్యూటర్ నుండి వినడం మొదలైన తరువాత యూఎస్‌బీ మార్గంలోనూ ఇదే సమస్య ఎదురైంది. అమెరికన్ రూపకర్త గోర్డన్ రాంకిన్ ప్రాచుర్యంలోకి తెచ్చిన అసింక్రనస్ పద్ధతి యజమాని, సేవకుల స్థానాలను తారుమారు చేసింది. డాక్‌లోని క్లాక్ కాలాన్ని నిర్ణయిస్తుంది. కంప్యూటర్ అడిగినప్పుడు అంకెలను అందిస్తుంది. దీనితో తీగ నుండి వచ్చే జిట్టర్ సమస్య చాలావరకు సద్దుమణిగింది.

మూడవ దశ: చిప్ పేరు, చెవి పరీక్ష

కొలతల్లో డాక్‌లు ఒకదానికొకటి చేరువైన కాలంలోనే చిప్ పేరు ప్రతిష్ఠాచిహ్నమైంది. 2020 అక్టోబరు 20న జపాన్‌లోని నొబెయోకా నగరంలో అసాహి కాసే మైక్రోడివైసెస్ కర్మాగారం అగ్నిప్రమాదానికి గురైంది. ఆ చిప్‌లు దొరకక అనేక సంస్థలు తమ నమూనాలను ఇతర చిప్‌లతో మళ్ళీ రూపొందించాయి. ఒక చిప్ స్థానంలో మరొకటి వచ్చినా చక్కగా పనిచేసే పరికరాలు తయారుకావడం ఒక విషయాన్ని ప్రత్యక్షంగా చూపింది: విద్యుత్ సరఫరా, క్లాక్, అనలాగ్ నిష్క్రమణ భాగం, ఫిల్టర్ కలిసి ఫలితాన్ని నిర్ణయిస్తాయి, చిప్ వాటిలో ఒకటి మాత్రమే.

చెవి సాక్ష్యాన్ని పరీక్షించిన అధ్యయనాలు కూడా జాగ్రత్తగా చదవదగినవి. 2007లో మేయర్, మోరన్ ప్రకటించిన పరీక్షలో అధిక స్పష్టత గల డిస్క్‌ల ధ్వనిని నేరుగానూ, 16 బిట్లు, 44.1 కిలోహెర్ట్జ్ గుండా పంపియూ వినిపించారు. 554 ప్రయత్నాల్లో సరైన జవాబులు 49.8 శాతం, నాణెం ఎగరవేసినా దాదాపు అంతే వస్తుంది. 2016లో జాషువా రైస్ 18 ప్రయోగాలను కలిపి విశ్లేషించగా 52.3 శాతం వచ్చింది. శిక్షణ పొందిన శ్రోతల్లో ఇది ఇంకా ఎక్కువ. భేదం ఉండవచ్చు, ఉంటే అది చాలా చిన్నది. రెండు పక్షాలూ తమకు నచ్చిన అధ్యయనాన్నే ఉదాహరించడం వల్ల ఈ మధ్యస్థ నిర్ణయం తరచుగా మరుగున పడింది.

ఎంపిక, సవరణ: చరిత్ర ఇచ్చే ప్రమాణాలు

పై పరిణామం నుండి ఆచరణకు కొన్ని సూత్రాలు లభిస్తాయి. మొదటిది, పోల్చేటప్పుడు స్థాయిలను సమం చేయడం. కొద్దిగా బిగ్గరగా మోగేది మెరుగైనదిగా తోస్తుంది. 1 కిలోహెర్ట్జ్ పరీక్షా స్వరాన్ని మోగించి, స్పీకరు కొనల వద్ద మల్టీమీటర్‌తో కొలిచి, రెండు పరికరాల మధ్య తేడాను 0.1 డెసిబెల్‌లోపుకు తేవాలి. ఏది మోగుతోందో తెలియకుండా 16 సార్లు విని 12 సార్లు సరిగా గుర్తిస్తే, అది యాదృచ్ఛికంగా జరిగే అవకాశం సుమారు 4 శాతమే. ఈ పరీక్షలో నిలవని భేదానికి లక్షలు వెచ్చించడం సమంజసం కాదు.

రెండవది, నిష్క్రమణ స్థాయి. సాధారణ తీగపై 2 వోల్టులు, బ్యాలెన్స్‌డ్ తీగపై 4 వోల్టులు ప్రామాణికంగా లభిస్తాయి. స్థాయి మరీ ఎక్కువైతే ఆంప్లిఫయర్ వాల్యూమ్ మీట మొదటి కొద్ది గీతల్లోనే ఇరుక్కుంటుంది. మూడవది, గరిష్ఠ స్థాయిలో నమోదైన ఆధునిక పాటల్లో నమూనాల నడుమ తరంగశిఖరాలు హద్దు దాటి చీలుతాయి. డిజిటల్ వాల్యూమ్‌ను 3 డెసిబెల్స్ తగ్గిస్తే చాలావరకు ఊరట కలుగుతుంది. నాలుగవది, కంప్యూటర్ నుండి గుర్‌మనే హోరు వస్తే కొత్త డాక్ కొనేకంటే ముందు ఆప్టికల్ తీగను ప్రయత్నించాలి. అది విద్యుత్ సంబంధాన్నే తెంపుతుంది.

ఐదవది, ఫిల్టర్ ఎంపిక. నిటారైన ఫిల్టర్ 20 కిలోహెర్ట్జ్ దాకా సమతలంగా ఉంటుంది. మృదువైనది పై స్వరాలను కొంత తగ్గిస్తుంది. ఓవర్‌శాంప్లింగ్‌నే తొలగించిన డాక్‌లో 44.1 కిలోహెర్ట్జ్ వేగం వద్ద 20 కిలోహెర్ట్జ్ స్వరం సుమారు 3.2 డెసిబెల్స్ పడిపోతుంది. దాన్ని మాధుర్యమని ఇష్టపడేవారు అభిరుచిని వ్యక్తం చేస్తున్నారు. మూలానికి విధేయత వేరే ప్రమాణం. నమోదు పరిమితిని కూడా గుర్తుంచుకోవాలి. 78 ఆర్‌పీఎం రికార్డు నుండి తీసిన పాత తెలుగు సినిమా పాటను 192 కిలోహెర్ట్జ్ ఫైలుగా మార్చినా, రికార్డులో లేని స్వరం దానిలోకి రాదు.

ముగింపు

డాక్ చరిత్రలో లోపం బిట్ల నుండి వడపోతకు, వడపోత నుండి కాలానికి, అక్కడి నుండి అనలాగ్ భాగానికి, చివరకు స్థాయి, అనుసంధానం, శ్రోత నిర్ణయపద్ధతికి జరుగుతూ వచ్చింది. చక్కగా రూపొందిన నేటి సాధారణ డాక్ తొలి మూడు దశలను దాదాపు దాటేసింది. కొలత లోపం ఉన్న చోటును చూపుతుంది; గుడ్డిపరీక్షతో కూడిన శ్రవణం ఆ లోపానికి శ్రోత జీవితంలో ఎంత విలువుందో తేలుస్తుంది. ఈ రెండింటినీ ఆ క్రమంలో వాడితే ఖర్చు తగ్గుతుంది. మిగిలిన ధనం స్పీకర్లకు, గది ధ్వనిని సరిదిద్దడానికి ఉపయోగపడుతుంది. ఇంటి శ్రవణంలో పెద్ద భేదాలు ఇప్పుడు మిగిలి ఉన్నది అక్కడే.