బడికి డాక్టర్ రావడం ఎప్పుడు మొదలైంది? వచ్చి పోయాక మన పనేంటి?



మిర్చి రేటు, ఎరువుల కరువు గురించి రోజూ రాసుకుంటనే ఉన్నాం. ఇవాళ మన హైస్కూలుకు ఏడాదికోసారి వచ్చే డాక్టర్ల బండి గురించి రాస్తున్నా. దాని వెనక వందేళ్లు దాటిన చరిత్ర ఉంది.

ముందు ఇంగ్లండ్ సంగతి. 1899-1902 మధ్య దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధం జరిగింది. సైన్యంలో చేరతామని వచ్చిన పేద కుర్రాళ్లలో చాలామంది ఒంట్లో సత్తువ లేక పనికిరాకుండా పోయారు. చిన్నప్పుడు తిండి, వైద్యం లేకపోతే ఇట్లనే అవుతదని వాళ్ల సర్కారుకు అప్పుడు అర్థమైంది. 1907లో బడి పిల్లలకు డాక్టర్ పరీక్ష తప్పనిసరి అని చట్టం చేశారు. కానీ అందులో ఒక లోపం ఉంది. పరీక్ష తప్పనిసరి, వైద్యం మాత్రం తప్పనిసరి కాదు. పన్ను పుచ్చిందని, చూపు తగ్గిందని రాస్తే సరిపోయేది. దాన్ని ఎవరు బాగుచేయించాలె? మెక్‌మిలన్ అక్కచెల్లెళ్లు 1908లో లండన్‌లోని బో దగ్గర, 1910లో డెట్‌ఫర్డ్‌లో బడి పిల్లల కోసమే క్లినిక్‌లు పెట్టించారు. వైద్యం కూడా సర్కారు బాధ్యతే అని చట్టంలోకి రావడానికి 1918 దాకా పట్టింది.

మన దేశంలో 1909లోనే బరోడాలో బడి పిల్లలకు వైద్య పరీక్షలు మొదలైనయి. అయినా 1946లో భోర్ కమిటీ చూస్తే, దేశంలో బడి వైద్యం లేనట్టే ఉందని తేలింది. 1960లో రేణుకా రే నాయకత్వంలో మరో కమిటీ వేశారు. ఉమ్మడి రాష్ట్రంలో 2010 నవంబర్ 14న జవహర్ బాల ఆరోగ్య రక్ష మొదలైంది. 2013లో కేంద్రం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం తెచ్చింది. ఇప్పుడు బడికొచ్చే బండి ఇదే. బృందంలో ఇద్దరు ఆయుష్ డాక్టర్లు, ఒక ఏఎన్ఎం, ఒక ఫార్మసిస్టు ఉండాలె. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లల్లో 30 రకాల సమస్యలు చూస్తారు. అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, సర్కారు బడికి ఒకసారి రావాలె. గుండె ఆపరేషన్ లాంటి పెద్ద వైద్యం కూడా ఉచితమే.

అంటే ఇంగ్లండ్‌లో 1907 నాటి లోపం మన దగ్గర కాగితం మీద లేదు. కానీ మన అడవి అంచు ఊళ్లల్లో ఇంకో రూపంలో ఉంది. డాక్టర్ పెద్దాసుపత్రికి చీటీ రాస్తడు. ఆ చీటీ పిల్లాడి పుస్తకాల సంచిలోనే నలిగిపోతది. తల్లిదండ్రులు మిర్చి కోతల్లోనో, తునికాకు కల్లం దగ్గరో ఉంటారు. ఆశ్రమ పాఠశాల పిల్లలైతే ఇల్లు ఎక్కడో, హాస్టల్ ఎక్కడో. ఒక రోజు కూలి పోగొట్టుకుని భద్రాచలమో ఖమ్మమో పోవడం పేద ఇంటికి చిన్న సంగతి కాదు.

ఇక్కడ సికిల్ సెల్ గురించి చెప్పాలె. మన కోయ గూడేల్లో కూడా ఉన్న రక్తపు జబ్బు ఇది. తల్లిదండ్రుల నుంచి వస్తది. ఇద్దరిలోనూ ఆ లక్షణం దాగి ఉంటే, పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు జబ్బు వచ్చే అవకాశం ఉంది. పిల్లాడు మాటిమాటికి కీళ్లు, ఎముకలు నొప్పి అంటే బడి ఎగ్గొట్టడానికి సాకు అనుకుంటాం. రక్తపరీక్ష చేస్తే గానీ అసలు సంగతి తెలవదు. 2023 జూలై 1న దీని నిర్మూలనకు జాతీయ మిషన్ మొదలైంది. 40 ఏళ్ల లోపు వాళ్లకు పరీక్షలు చేయాలన్నది లక్ష్యం.

మనం చేయగలిగినవి ఇవి:

బండి ఏ రోజు వస్తదో హెడ్మాస్టర్ గారిని ముందే అడగాలె. ఆ రోజు ఇంటికొకరు బడికాడ ఉండాలె.

చీటీ ఇస్తే అక్కడే ఫోన్లో ఫొటో తీసుకోవాలె.

ఎవరెవరికి చీటీ రాశారో బడి కమిటీ ఒక నోటుబుక్కులో రాయాలె. నెల తర్వాత పోయినోళ్లెవరు, పోనోళ్లెవరు అని చూడాలె.

తల్లి తోడు పోతే ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆమెకు టికెట్ లేదు. కూలోళ్ల పిల్లకు చీటీ వస్తే, ఆ ఒక్క రోజు కూలి కోయకుండా ఇవ్వడం రైతుగా మన చేతిలో పని.

చేనుకు తెగులు వచ్చిందని చెప్పించుకుని మందు కొట్టకుండా ఊరుకుంటామా? పిల్లల చీటీ సంగతీ అంతే.