ఒక కంచం తగ్గుతదని

ఇంకిన్ని కంపలెయ్యి బిడ్డా, సలి పెడుతున్నది. ఆఁ, ఏం జెప్తున్న? మా తమ్ముడు ఇంజనీరెట్లయిండని గదా అడిగినవ్.

మాది దేవరకొండ దిక్కు, పాలమూరు అంచున ఊరు. వాన పడితే జొన్నలు, ఆముదాలు. పడకుంటే వలస. మా అయ్య నాగార్జున సాగర్ కట్ట కాడ రాయి మోసిండు. 1955ల నెహ్రూ పునాది రాయి ఏసిండు, 1967ల ఇందిరమ్మ వచ్చి కాల్వలకు నీళ్లిడిసింది. కట్ట కట్టింది మనోళ్లు, పాలమూరోళ్లు. నీళ్లేమో పల్లానికి పోయినయ్. మాది మెట్ట, మా చేన్లకు ఎక్కలే.

నేను అప్పటికే ఒక ఆసామి కాడ పశులకు జీతమున్న. ఉగాదికి కుదిరితే మల్ల ఉగాది దాకా. ఏడాదికి ఇన్ని జొన్నలు, ఒక గొంగడి, ఒక జత చెప్పులు. అక్క పెండ్లికి తెచ్చిన అప్పు కింద ఆ జొన్నలల్ల గూడ సగం ఆన్నే ఆగేటియి.

1971ల పీవీ నర్సింహారావు ముఖ్యమంత్రయిండు. ఆ ఏడే నవంబరు 23న నారాయణపురం దగ్గర సర్వేల్ల గురుకులం తెరిసిండ్రు. సర్వోదయపాయన, మద్ది నారాయణరెడ్డి, జాగ ఇచ్చిండు. తెలివున్న పేద పిలగాండ్లకు పరీక్ష పెట్టి తీసుకునుడు, ఆన్నే తినుడు, ఆన్నే పండుడు, ఆన్నే సదువుడు. తాడికొండ, కొడిగెనహళ్లి దాని ఎనక వచ్చినయే. ముందు మనదే.

కొన్నేండ్లకు ఊరి బడిసారు మా ఇంటికొచ్చి తమ్మునితోని పరీక్ష రాపియ్యమన్నడు. "వీడు వోతె మేకల కాడికి ఎవ్వలు వోతరు సారూ?" అన్నడు అయ్య. సారు హుషారైనోడు. సదువు గొప్పదని ఒక్క ముక్క చెప్పలే. "మూడు పూటల బువ్వ సర్కారే పెడ్తది" అన్నడు. అయ్య సుట్ట ముట్టిచ్చి లెక్కేసుకున్నడు. పెద్దోని జీతం ఎట్లనో ఉండనే ఉన్నది, చిన్నోడు వోతె ఇంట్ల ఒక కంచం తగ్గుతది. సరేనన్నడు.

సీటొచ్చింది. రేకు పెట్టె, దుప్పటి, కంచం తెచ్చుకొమ్మన్నరు. దేవరకొండ అంగట్ల కంచం కొంటే, దుకాణపాయన మేకు పెట్టి చిన్న సుత్తెతోని కొట్టుకుంట, అంచు మీద సుక్కలు సుక్కలుగ తమ్ముని పేరేసిండు. మా ఇంట్ల పేరున్న సామాను అదే మొదటిది. సదువు రాని అయ్య, ఇంటికొచ్చినంక గూడ ఆ సుక్కలు తడుముతనే ఉన్నడు. సర్వేల్ ఎనక సాగర్ గురుకుల కాలేజి, మల్ల ఇంజనీరింగు, కరెంటాఫీసుల నౌకరి.

ఆ బడిల సదివినోళ్లు శానా దూరం పోయిండ్రు. మహేందర్ రెడ్డి డీజీపీ అయిండు, బుర్రా వెంకటేశం ఐఏఎస్ అయిండు. 2024ల పబ్లిక్ సర్వీస్ కమిషన్‌కు ఒకరి ఎనక ఒకరు చైర్మన్లయింది గూడ వీళ్లిద్దరే. ఆ బడి గాకున్నా, మన అలంపురం ప్రవీణ్ కుమార్ సాంఘిక సంక్షేమ హాస్టళ్లల్ల ఉండి సదివి ఐపీఎస్ అయిండు. 2012 నించి తొమ్మిదేండ్లు ఆ సంక్షేమ శాఖ గురుకులాలనే నడిపిండు.

జనం "సొంత కష్టంతోని పైకొచ్చిండు" అంటరు. కష్టం ఎవ్వలు పడలే? నేను పడలేదా? 1976ల వెట్టి రద్దు చట్టమొచ్చింది, అప్పు చెల్లిపాయె అన్నరు. అప్పటికి నాకు మీసాలొచ్చినయ్, ఏ బడి తీసుకుంటది? శంకరన్ అనే ఐఏఎస్ సారు వెట్టోళ్లను ఇడిపిచ్చెతందుకు, పేదల హాస్టళ్ల కోసం శానా తిప్పలు పడ్డడు. అసుంటోళ్లు ఇంకో పదేండ్లు ముందు వస్తే నా సంగతి వేరే ఉండు. తమ్ముడు పోయెతందుకు నేను పశుల కాడ ఆగిన. తమ్ముడు ఇప్పటికీ ఆ మాట నలుగురిల అంటడు, అది వాని మంచితనం.

మా చెల్లె ఉన్నది సూడు, తెలివిల తమ్ముణ్ణి మించింది. సర్వేలేమో మొగపిలగాండ్ల బడి. దాని పేరు ఏ కంచం మీద కొట్టియ్యలే. పదారేండ్లకు పెండ్లి చేసిండ్రు, మేస్త్రీ ఎంబడి బొంబాయికి పోయింది.

ఇప్పుడు అట్ల లేదు. సంక్షేమ గురుకులంల సదివే నిజామాబాదు పోరి మాలావత్ పూర్ణ, మన భువనగిరి గుట్ట మీద ఎక్కుడు నేర్సుకొని, 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆ పొల్లకు పద్నాలుగేండ్లు నిండలే.

ఏం కోడలా, ఇంటున్నవా? నీ బిడ్డ నాలుగో తరగతి గదా. ఐదో తరగతి గురుకులం పరీక్షకు దరఖాస్తులు ఈ సలికాలంలనే పడ్తయి. కులం, ఆదాయం సర్టిఫికెట్లు మీసేవల ముందే తీసిపెట్టుకో. ఆఖరు రోజు దాకా ఆగకు, రేపే పో.