బంతియు బంధమును

కన్నబిడ్డలపై తల్లిదండ్రులకు గల హక్కు ఎంతవఱకు చెల్లును? కడలి దాటిపోయిన సంతతిపై పూర్వుల నేలకు గల హక్కు ఎంతవఱకు చెల్లును? ఈ రెండును వేర్వేఱు ప్రశ్నలుగా తోచును. గడచిన సంక్రాంతికి రేపల్లె చెంత ఒక బంధుగృహమున మేము కన్నులార చూచిన చిన్న సంగతి యవి రెండును ఒక్కటేయని మాకు బోధించినది.

అమెరికానుండి తల్లిదండ్రులతో వచ్చిన పదునాఱేండ్ల బాలుడొకడు ఆ యింట నుండెను. వానికి తెలుగు అర్థమగును గాని నోట పలుకదు. పెద్దలు పలుకరించినపుడు తల యూపి యూరకుండెడివాడు. వరికోతలైన మాగాణిలో మినుము మొలచి యుండుటచే రైతులు పిల్లల నందు అడుగిడనీయరు; అందుచే ఊరి బాలురందఱును బడిదొడ్డిలో బంతి యాడుచుండిరి. ఈ బాలుడును పోయి వారితో కలసెను. మూడవనాటికి “ఇటు తన్నరా!”, “నాకియ్యరా!” యని కేకలు వేయసాగెను. పదునాఱేండ్లుగా నింటిలో రాని పలుకు మూడునాళ్లలో వచ్చినది. నాలవనాడు తండ్రి యా బంతిని పెట్టెలో నుంచి తాళము వేసెను. “కళాశాల ప్రవేశ పరీక్షలు దగ్గఱపడినవి. మన వంశములో ఆటగాండ్రు లేరు” అని యాతని మాట. నాటి రాత్రి బాలుడు తాతగారి మంచముకడ నిలిచి, “తాతయ్యా, నేనింక ఇక్కడికి రాను” అనెను. ఆ వృద్ధుడు మాఱు పలుకలేదు.

ఆ తండ్రి కఠినుడు గాడు. అతని భయమునకు చరిత్ర కలదు. ఆ చరిత్ర నెఱుగక అతనిని నిందించుట న్యాయము గాదు.

1832-33లో, నందననామ సంవత్సరమున, గుంటూరు మండలమును డొక్కల కరవు పీడించెను. లక్షకు మించిన జనులు మడిసిరి. అటుపిమ్మట 1855లో బెజవాడకడ కృష్ణకు ఆనకట్ట పూర్తియైనది. కాలువలు పాఱెను, తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతములు వరిపొలములతో నిండెను. తిండికి మిగిలిన ధాన్యము రూకలైనది. రూకలు కొడుకుల చదువైనవి. కాని యన్నదమ్ములు పంచుకొనుకొలది పొలము చిన్నదగును, చదువు మాత్రము పంచుకొన్నను తఱుగదు. ఈ లెక్కను మన రైతు త్వరగానే గ్రహించెను. 1945లో బాపట్లలో వ్యవసాయ కళాశాలయు, మఱుసటియేట 1946లో గుంటూరున వైద్య కళాశాలయు వెలసినవి. 1965లో అమెరికా ప్రభుత్వము దేశమును బట్టి వలస వచ్చువారి సంఖ్యను నిర్ణయించు పాత పద్ధతిని ఎత్తివేయగా, మన వైద్యులును ఇంజనీర్లును ఆ దేశమునకు దారి పట్టిరి. ఎకరములమ్మి చదివించిన చదువు ఏడు సముద్రములు దాటించినది. కావున ఈ సీమ కుటుంబమునకు చదువనగా మఱియొక ఆనకట్ట. దానికి గండిపడునేమో యని తండ్రి బెదరుట వింతగాదు.

అయితే మన తెలుగువారు సముద్రము దాటుట చదువుతోనే మొదలు కాలేదు. అంతకు నూఱేండ్లకు పూర్వమే మఱియొక వలస జరిగినది. 1834 మొదలు 1910 వఱకు నాలుగున్నర లక్షలకు పైగా భారతీయులు చెఱకుతోటలలో కూలిపనికై మారిషస్ దీవికి చేరిరి. వారిలో తెలుగువారు గోదావరి ముఖమునందలి కోరంగి రేవునుండి యోడ లెక్కుటచే అక్కడ వారికి కొరింగీలనియే పేరు వచ్చినది. గుమాస్తాలు తమ చెవికి వినబడినట్లు పేర్లు వ్రాసికొనిరి. తండ్రికి గల పిలుపుపేరే పిమ్మట సంతతికంతటికిని ఇంటిపేరై నిలిచినది. భూమి లేదు, బడి లేదు, తిరిగివచ్చుటకు ఓడకూలి లేదు. అయినను వారు రామభజనమును, సింహాద్రి అప్పన్న పూజను విడువలేదు. నేడు ఉగాది ఆ దీవిలో ప్రభుత్వపు సెలవుదినము.

అట్టి మారిషస్ తెలుగు కుటుంబములలో నొకటి ఫ్రాన్సునకు పోయి లెహావర్ రేవుపట్టణ ప్రాంతమున నివసించెను. 1973లో హార్‌ఫ్లర్ గ్రామమున ఆ యింట జన్మించినవాడు వికాస్ దొరసూ. కూలివాండ్ర సంతతి వాడైన యితడు బంతి వెంట పరుగెత్తి లెహావర్ జట్టులో చేరెను. అటనుండి 1998లో లియోన్ జట్టునకు పోయెను. 2003, 2004 సంవత్సరములలో ఫ్రెంచి దేశపు పందెములలో ఆ జట్టు ప్రథమస్థానము పొందినపుడు అందితడు నుండెను. తరువాత ఇటలీలోని మిలాన్ జట్టునందును, పారిస్ జట్టునందును ఆడెను. 2006 ఏప్రిలులో ఫ్రెంచి కప్పు తుదిపోటీయందు మార్సెయిల్‌పై పారిసునకు గెలుపు తెచ్చిన గోలు ఇతనిదే. 1999 మొదలు 2006 వఱకు ఫ్రాన్సు దేశపు జట్టులో 18 పర్యాయములు ఆడెను. 2006లో జర్మనీలో జరిగిన ప్రపంచకప్పునకు ఎన్నుకొనబడి, స్విట్జర్లాండు, కొరియా జట్లతో జరిగిన ఆటలయందు కొలది నిమిషములు మైదానమున నిలిచెను.

ఆ వేళ మన దేశమున పలువురు పొంగిపోయిరి. ప్రపంచకప్పులో మన రక్తమనిరి. తెలుగువారు మఱింత ముందుకు వచ్చి మావాడనిరి. మేమును అట్లనినవారమే. పిదప మాకు సిగ్గు కలిగినది. వాని ముత్తాతల ఆకలికి మన మేమి యిచ్చితిమి? వాని కాలికి బంతి యిచ్చిన దెవరు? ఆ ప్రపంచకప్పున అతడు మిగిలిన దినములన్నియు బల్లపై గూర్చుండియే గడపెను. ఆ యొంటరితనమును తానే చిన్న కెమెరాతో పట్టి, ఫ్రెడ్ పూలే అను మిత్రునితో కలిసి ‘సబ్‌స్టిట్యూట్’ అను చలనచిత్రముగా వెలువరించెను. ఆ యేడే శిక్షకుని బహిరంగముగా విమర్శించిన పిదప పారిస్ జట్టు అతనిని తొలగించినది. మనము గెలుపునందు మాత్రము బంధువులము. బల్లపైని యొంటరితనమునకు బంధువులము గాము. పంటను మాత్రమే కోరి, దుక్కియు నీరును ఎఱుగని హక్కు ఎట్టి హక్కు? పరీక్షలో మార్కులు వచ్చిన నా కొడుకు, రాకున్న నీ కొడుకు అను తండ్రి మాటకును దీనికిని భేద మేమి?

ఇక శాసనము చూడుడు. ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ నియమమున తల్లిదండ్రులో అవ్వతాతలో పుట్టిన దేశము వఱకే బంధుత్వము చెల్లును. అంతకు ముందరి పూర్వుల పేరు చెప్పిన చెల్లదు. మన రాజ్యాంగము రెండు పౌరసత్వముల నంగీకరింపదు. పరదేశ పౌరుడు మన దేశము పక్షమున ఆడదలచిన తన పౌరసత్వమును వదలుకొనవలెను. ద్వారము ఇంత యిఱుకైనను కొందఱు వచ్చిరి. గుజరాతీ తండ్రికిని జపాను తల్లికిని పుట్టిన ఇజుమి అరాటా 2012లో భారత పౌరుడై మన జట్టున ఆడెను. ముంబయిలో పుట్టిన తల్లి గల రయాన్ విలియమ్స్ 2025లో ఆస్ట్రేలియా పౌరసత్వమును వీడి మన దేశమువాడయ్యెను. ఫిజీదీవిలో పుట్టిన భారత సంతతివాడు రాయ్ కృష్ణ పౌరసత్వము మార్చకయే 2019లో కలకత్తా జట్టున చేరి, పూర్వుల దేశమున ఏండ్లతరబడి ఆడెను. వీరిని ఆజ్ఞాపించి రప్పించిన వారెవరు? తమకు ప్రియమైన ఆటయే వీరిని పూర్వుల గడపకు నడిపించినది. బంతిని తాళము వేసి దాచినచో ఈ దారియే మూతపడి యుండెడిది.

“వేయిమందిలో ఒక్కడు గదా ఆటగాడగును? తక్కినవారి బ్రతు కేమగును?” అని తల్లిదండ్రు లడుగుదురు. ఆ ప్రశ్న న్యాయమైనదే. ప్రతి బాలుని ఆటగానిగా చేయుడని మేము చెప్పుట లేదు. చదువు మానుమనుటయు గాదు. చదువును ఆటయు పగవారని యెవరు చెప్పిరి? 1956లో మెల్బోర్న్ ఒలింపిక్సునందు మన ఫుట్‌బాల్ జట్టును నాలవ స్థానమునకును, 1962లో జకార్తా ఏషియా క్రీడలయందు బంగారు పతకమునకును నడిపిన సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదువాడు, వృత్తిచే బడిపంతులు. బడిలో పాఠము చెప్పినవాడే మైదానమున పాఠము చెప్పెను. ఆ రెంటిని వేఱుచేసినది మన భయమే గాని విద్య గాదు.

ఈ భయము అమెరికాలోనే యున్నదా? తెనాలినుండి, బాపట్లనుండి ఏటేట ఎందఱో బాలబాలికలు పదవ తరగతి ముగియగానే వసతిగృహములకు చేరుచున్నారు. వానిలో చాలచోట్ల తెల్లవాఱకమున్నే పుస్తకము, రాత్రి ప్రొద్దుపోవువఱకు పుస్తకము. మైదానము మాత్రము కనబడదు. ఆడపిల్లకు ఆట యను మాటయే యుండదు. కరవు పోయి నూటతొంబది యేండ్లయినను మన మింకను కరవునాటి మనుష్యులవలెనే బిడ్డలను పెంచుచున్నాము. ఆనకట్ట నీటిని నిలుపుటకే గాదు, వలసినపుడు విడుచుటకును గట్టినది. లాకులు తెఱవని కాలువ పొలమును తడుపునా?

పూర్వుల నేలపై ప్రేమ బిడ్డకు ఉపదేశముచే రాదు. ఆ నేలమీద తాను సంతోషముగా గడపిన గడియలే ఆ ప్రేమకు విత్తనములు. ఆ తండ్రి వంశగౌరవము పేరుచెప్పి, వంశముతో కొడుకును కలిపిన యొక్క దారమును తెంచెను. తాను చేసినదేమో అతనికి తెలియదు, తెలిసిన చేయడు. అందుకే యీ నాలుగు మాటలు వ్రాయవలసి వచ్చినది.

కుటుంబము మరలి పోయిన మఱునాడు తాతగారు రేపల్లె బజారునకు పోయి, అంగడివాని నడిగి మంచి బంతి నొకటి కొని తెచ్చి అటకపై నుంచిరి. “వచ్చిన ఆడుకొనును” అని యొక్క మాట యనిరి. రావలెనని యాజ్ఞ పంపలేదు, రాకున్న శపింపలేదు. తల్లిదండ్రులును, పూర్వుల నేలయు బిడ్డలపై చూపదగిన హక్కు ఇంతమాత్రమే యని మా యభిప్రాయము.