ఉత్తరాలు రాసి తెచ్చుకున్న సీజన్

పోట్లాడి బతికించుకున్న సీరియల్ తిరిగొచ్చిన మొదటిరోజే పరువు తీస్తే ఎలా వుంటుంది? 1968 సెప్టెంబరు 20న అమెరికాలో స్టార్ ట్రెక్ అభిమానులకి అదే జరిగింది.

1967 చివర్లో ఎన్.బి.సి. దీన్ని ఆపేస్తుందన్న మాట బయటికొచ్చింది. బీజో ట్రింబుల్, ఆవిడ భర్త జాన్ కలిసి ఉత్తరాల ఉద్యమం లేవదీశారు. దెబ్బకి 1968 మార్చి 1న, ఎపిసోడ్ అయ్యాక, మూడో సీజన్ వుందని ఛానెల్ వాళ్ళే టీవీలో ప్రకటించాల్సొచ్చింది.

వుంది గానీ, శుక్రవారం రాత్రి పదింటికి! కుర్రకారు ఇంట్లో వుండని టైము. బడ్జెట్ కోసేశారు. సృష్టికర్త రాడెన్‌బెరీ రోజువారీ పనుల్నుంచి తప్పుకున్నాడు. తీరా మొదటి ఎపిసోడ్ "స్పాక్స్ బ్రెయిన్". ఎవరో వచ్చి స్పాక్ మెదడు ఎత్తుకుపోతారు. మిగతావాళ్ళు అతని ఒంటిని రిమోటుతో నడిపించుకుంటూ వెతుకుతారు! మొత్తం సీరియల్లో చెత్త ఎపిసోడ్ ఏదంటే ఇప్పటికీ చాలామంది చెప్పే పేరిదే. తమాషా ఏంటంటే, రాసింది క్లింగాన్లని పుట్టించిన జీన్ కూనే, లీ క్రోనిన్ అనే మారుపేరుతో.

మరి అన్ని ఉత్తరాలూ వృథాయేనా? నేనలా అనుకోను. మొదటి రెండు సీజన్లూ కలిపి 55 ఎపిసోడ్లే. మూడోదాని 24 కలిస్తే 79. 1969లో ఆగిపోయాక లోకల్ స్టేషన్లు రోజూ తిప్పి తిప్పి వేసుకోడానికి ఆ మాత్రం సరుకుండాలి కదా. అసలు పిచ్చి ముదిరింది ఆ రీరన్లతోనే. 1972లో న్యూయార్క్ లో అభిమానుల సభ పెడితే వేలమంది వచ్చారు. 1979లో సినిమానే వచ్చింది.

అంచేత స్పాక్ మెదడుని ఎంతైనా తిట్టుకోండి, లెక్కలోంచి మాత్రం తీసెయ్యకండి.