భూమి యెవరిది? – నెల్లూరు మండల చరిత్రరచనలో నొక ప్రశ్న

1801లో నెల్లూరుసీమ ఆర్కాటు నవాబు చేతినుండి ఆంగ్లేయ కంపెనీకి సంక్రమించెను. 1802 శాశ్వత పరిష్కారముచే వేంకటగిరి ప్రభువులు సనదు పొందిన జమీందారులైరి. నాటినుండి భూమి యెవరిదను ప్రశ్నకు లభించిన సమాధానములు, వ్రాసినవారు చేపట్టిన ఆధారములనుబట్టి మారుచు వచ్చినవని మా యభిప్రాయము.

1873లో బాస్వెల్ సంకలనము చేసిన నెల్లూరు మాన్యువల్ పాలకుని గ్రంథము. అందు భూమి ప్రధానముగా శిస్తునకు మూలము. 1938 నాటి ప్రకాశం సంఘము నివేదిక రైతే భూస్వామి యనియు, జమీందారు శిస్తు వసూలుదారు మాత్రమే యనియు నిర్ణయించెను. 1939లో నేలటూరి వేంకటరమణయ్యగారు ప్రకటించిన వెలుగోటివారి వంశావళిలో భూమి వీరుల పరాక్రమార్జితము. ఈ మూడింటను మరుగుపడిన భూమిలేని కూలీలను 1965లో ధర్మా కుమార్ ముందునకు తెచ్చి, ఆంగ్లేయుల రాకకు పూర్వమే వారు గణనీయముగా నుండిరని వాదించిరి.

కావున మైపాడువంటి తీరగ్రామము చరిత్ర వ్రాయువారు, అది జమీగ్రామమైనను రైతువారీ గ్రామమైనను, పట్టాదారుల పేళ్లతో తృప్తిపడరాదు. పట్టాలో పేరు లేక పొలములో శ్రమించినవారిని ఇనాము రిజిస్టరులందును, వ్యాజ్యపత్రములందును వెదకవలెను. 1948 చట్టము జమీందారీలను రద్దుచేసెను. కూలివాని ప్రశ్నను మాత్రము తీర్పలేదు. దానిని విడిచిన భూచరిత్ర శిస్తులెక్కయే యగును.