కార్తీకం, కొట్టు

ఏడాదిలో దీపం పెట్టలేని రోజులకు బదులుగా పౌర్ణమినాడు వెలిగించే 365 వత్తుల కట్టలు, ఉసిరికాయలు, అరటి దొప్పలు నవంబరులో వీధి చివరి పూజాసామగ్రి కొట్టు ముందు కనబడగానే, కార్తీకం వ్యాపారమైపోయిందని పెద్దలు నొచ్చుకుంటారు. కానీ ఈ వ్రతం వృత్తులవాళ్ళ చేయి లేకుండా ఎప్పుడూ నడవలేదు. ప్రమిద కుమ్మరి సారె మీద పుట్టింది, నువ్వుల నూనె తెలికలవారి గానుగలో ఆడింది. వాటికి డబ్బు బదులు కళ్ళంలో ధాన్యం కొలిచేవారు, అంతే తేడా. వత్తులైనా ఇంట్లో చేసుకునేవారు కదా అంటే, ఒప్పుకోవాల్సిందే: గింజ తీసిన పత్తిని విభూది అద్దిన వేళ్ళతో సన్నగా పేనడం ఆడవాళ్ళ మధ్యాహ్నాల పని. అయితే ఆ పని పూర్తిగా పోలేదు. యంత్రం మీద చేసిన కట్టలు వస్తున్నా, ఇంటి దగ్గరే వత్తులు చేసి కొట్లకు వేసే స్త్రీలు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళకు గిరాకీ ఎక్కువ ఈ నెలలోనే.